పైడమ్మ మింగిన ఉషారు బిళ్లలు

1978 మార్చి నెలలో, జంషెడ్‌పూర్‌కి ఖర్కాయి నది అవతల ఉన్న ఆదిత్యపూర్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీ డిస్పెన్సరీలో ఫార్మసిస్టుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది నంద్యాల పక్క పల్లెటూరు. పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకుంటే ఉద్యోగం వచ్చింది.

కర్మాగారాల కొలిముల్లో ఇటుకలు పేర్చే పనికి కూలీలను సరఫరా చెయ్యడం ఆ కంపెనీ వ్యాపారం. ఇటుకలు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళను అక్కడ రేజాలంటారు. మా దగ్గర పనిచేసే రేజాల్లో సగం మంది విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఏనాడో వలస వచ్చిన తెలుగు కుటుంబాల వాళ్ళు. వాళ్ళ తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. నా తెలుగు వినగానే వాళ్ళకు నవ్వొచ్చేది.

డాక్టరుగారు మంగళ, శుక్రవారాల్లో వచ్చి రెండేసి గంటలు ఉండేవారు. మిగతా రోజుల్లో నేనూ, గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరూ. డాక్టరు లేనప్పుడు జ్వరానికి, దగ్గుకు, విరేచనాలకు ఒక జాబితా ప్రకారం నేను మందులివ్వవచ్చు. ఆ జాబితాలో లేనివాటికి చీటీ ఉండాలి. ఎక్కువకాలం వాడే మందయితే డాక్టరు ఒకసారి రోగి కార్డు మీద ‘రిపీట్’ అని రాసి సంతకం పెడతారు. ఆయన వద్దనేదాకా నెలనెలా ఇస్తూ పోవడమే. నేను మందులిచ్చే కిటికీకి ఇనుప ఊచలుండేవి. అందులోంచి నాకు మనిషి ముఖమూ చాచిన అరచెయ్యీ తప్ప ఇంకేమీ కనపడేవి కావు.

కూలీలు నన్ను “డాక్టరు బాబూ” అని పిలిచేవారు. నేను డాక్టరును కానని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ పిలుపు వినడానికి బాగుండేది.

మా అలమారులో మెథాంఫెటమిన్ మాత్రలు ఉండేవి. ఈ పేరు ఇప్పుడు పేపర్లలో మత్తుపదార్థాల వార్తల్లో కనిపిస్తుంది. ఆ రోజుల్లో అది మామూలు మందు. ఒళ్ళు తగ్గడానికి, దిగులుకు, పగటి నిద్ర జబ్బుకు వైద్యులు రాసేవారు. అది మెదడును కొరడా దెబ్బ కొట్టి లేపినట్టు లేపుతుంది. ఆకలి చంపుతుంది, గుండె వేగం, రక్తపోటు పెంచుతుంది. కొన్నాళ్ళకు ఒక మాత్ర చాలక రెండు కావాలి. హఠాత్తుగా మానేస్తే మనిషి కుప్పకూలినట్టు పడి నిద్రపోతాడు, ఏ పనిమీదా మనసు నిలవదు. ఇదంతా నేను పరీక్షకు చదివి, రాసి, పాసైన విషయమే. మా దగ్గర ఆఫీసువాళ్ళ ఇళ్ళలో లావుగా ఉన్న ఇద్దరు ముగ్గురికి డాక్టరుగారు అవి రాసేవారు.

ఆగస్టులో ఒక బుధవారం పైడమ్మ అనే రేజా కిటికీ దగ్గరకు వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. భర్త అప్పన్న టాటానగర్ స్టేషన్లో పోర్టరు. స్టేషన్ పక్క బస్తీలో అత్తతో కలిసి కాపురం.

“బాబూ, నిలబడితే నిద్దరొచ్చేత్తంది. నిన్న తట్ట నెత్తి మీదుండగానే కునుకు పట్టీసింది. ముంషీ నన్ను తీసేత్తానంటన్నాడు. ఉషారు మందేటైనా ఉంటే ఇయ్యి బాబూ” అంది. ముంషీ అంటే హాజరు వేసే మేస్త్రీ.

పెళ్ళయిన పడుచు మనిషి కారణం లేకుండా నిద్ర వస్తోందంటే మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అది నేను అడగలేదు. ఆమె వెనక పాతికమంది ఉన్నారు. అంతమంది ఆడవాళ్ళ ముందు అలాంటి ప్రశ్న వెయ్యడానికి నాకు సిగ్గేసింది. డాక్టరు రావడానికి ఇంకా రెండు రోజులుంది, ఈలోగా ఆమె పని పోతుంది. అలమారు తీసి నాలుగు మెథాంఫెటమిన్ మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాను. దయతో ఇచ్చాననే అప్పుడు అనుకున్నాను. నిజానికి అందులో దయ ఎంతో, డాక్టరు బాబు అనిపించుకోవాలన్న సరదా ఎంతో ఇప్పటికీ వేరు చేసి చెప్పలేను.

శుక్రవారం పొద్దున్నే వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. “అదేటి బిల్ల బాబూ, గాల్లో ఎగిరెల్లిపోతన్నాను! ఒలే, నీకు అమ్మోరు పూనిందేటే అంటంది మా అత్త” అంది. ఆ రోజు డాక్టరుగారి ముందు సంతకానికి పెట్టిన కార్డుల కట్టలో ఆమెదీ చేర్చాను. “బలహీనత, పనిలో నిద్ర” అని నేనే రాశాను. ఆయన మనిషిని చూడకుండానే ‘రిపీట్’ రాశారు. సంతకం ఆయనది. కార్డు నేను పెట్టకపోతే ఆ సంతకమే ఉండేది కాదు.

సెప్టెంబరు నెలాఖరున మళ్ళీ వచ్చినప్పుడు పొట్లం అందుకుని కదలకుండా నిలబడింది. గొంతు తగ్గించి, “బాబూ, నేను నీలోసుకున్నాను. బిల్ల మింగొచ్చా, మానీమంటావా?” అంది.

మా నంద్యాల వైపు నీళ్ళు పోసుకోవడమంటే స్నానం చెయ్యడమే. తలంటుకున్న పూట మందు మింగకూడదన్న పట్టింపు మా అమ్మకు కూడా ఉండేది. అలాంటిదే అనుకున్నాను. నాలుగు మంచిమాటలు చెబుదామని కూడా అనిపించింది.

“దానికేమమ్మా, మింగచ్చు. నీళ్ళు దినామూ పోసుకుంటే ఇంకా మంచిది” అన్నాను.

పైడమ్మ ముఖం ఎర్రబడింది. వరుసంతా ఒక్కసారి ఘొల్లుమంది. “ఓలమ్మో, దినామంట!” అంది ఒకావిడ. “ఒలే పైడీ, మీ ఆయన్ని స్టేషన్ డ్యూటీ మానీసి ఇంటికాడే ఉండమను!” అంది మరొకావిడ. ‘రోజూ’ అనకుండా ‘దినామూ’ అన్నందుకు నవ్వుతున్నారనుకున్నాను. అంతకుముందు కూడా ఆ మాటకు నవ్వేవారు. నేనూ నవ్వాను. తర్వాతి మనిషి కార్డు అందుకున్నాను.

ఆ తర్వాత అయిదు నెలలు ఆమెకు మాత్రలు అందుతూనే ఉన్నాయి. మొదట్లో రోజుకు రెండు. డిసెంబరులో అవి పని చెయ్యడం లేదంటే మూడు చేశాను. మనిషి చిక్కిపోయింది. గుండె దడదడలాడుతోందని ఒకసారి చెబితే నీళ్ళు ఎక్కువ తాగమన్నాను. జనవరి నుంచి ఆమె బదులు అత్త సింహాచలమ్మ కార్డు పట్టుకొచ్చి మందు తీసుకెళ్ళేది. కోడలు ఎందుకు రావడం లేదని నేను అడగలేదు.

1979 ఫిబ్రవరి చివరివారంలో సింహాచలమ్మ కార్డు కిటికీలో పెట్టి, “బేగి ఇయ్యండి బాబూ, ఆసుపత్రికి పట్టుకెల్లాల. మా కోడలు ఎనిమిదో నెల్లోనే నీలాడీసింది. ఆడపిల్ల. బొమ్మలాగ ఉంది గానీ పాలకి లెగట్లేదు” అంది.

ఎనిమిదో నెల, ఆడపిల్ల అన్న మాటలు చెవిన పడ్డాక మాత్రల సీసా తిరిగి అలమారులో పెట్టేశాను. నీ కోడలు కడుపుతో ఉన్నట్టు నాకెవరూ చెప్పలేదే అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“అదేటి బాబూ! నీలోసుకున్నానని అదే వచ్చి మీతో సెప్పింది కాదా? మీరు దినామూ పోసుకోమన్నారని బస్తీ బస్తీ అంతా నవ్వింది. డాక్టరు బాబే మింగమన్నారు కదాని ఒక్కపూట మానకుండా మింగింది.”

వాళ్ళ వైపు స్నానాన్ని తానమంటారట. నీళ్ళోసుకోవడమంటే కడుపు నిలవడం, నీళ్ళాడడమంటే కనడం. తెలుగు పుట్టుక పుట్టి, తెలుగులోనే ఉత్తరాలు రాసుకునేవాణ్ణి. ఆ మాటలు ఏనాడో పుస్తకాల్లో చదివే ఉంటాను. యాస మీద నెపం వేద్దామని చాలాకాలం ప్రయత్నించాను. అది నిలవదు. మాట అర్థం కాకపోయినా మనిషి నన్ను అడిగింది: మింగవచ్చా, మానాలా అని. ఎందుకు అడుగుతున్నావమ్మా అని ఒక్క మాట తిరిగి అడిగితే సరిపోయేది.

ఆ సాయంత్రం నాలుగు గంటలకు, చూడటానికి వచ్చేవాళ్ళను లోపలికి వదిలే వేళకు, పట్టణంలో పైడమ్మ ఉన్న ఆసుపత్రికి సైకిల్ మీద వెళ్ళాను. పైడమ్మ కాళ్ళు వాచి ఉన్నాయి. రక్తపోటు ఎక్కువగా ఉందనీ, నెలలు నిండకుండానే రక్తస్రావం మొదలైతే రిక్షాలో తీసుకొచ్చారనీ నర్సు చెప్పింది. బిడ్డ బరువు కిలో ఏడువందల గ్రాములు. ఫ్లానెల్ గుడ్డల్లో చుట్టి దీపం కింద పెట్టారు. తట్టి లేపితే వణుకుతుంది, ఒక గుక్క మింగి మళ్ళీ నిద్రలోకి జారిపోతుంది.

పైడమ్మ కొంగు ముడి విప్పి చూపించింది. ఇంకా ఆరు మాత్రలున్నాయి. “ఇయ్యేల్టివి మింగీసాను బాబూ. పిల్లకి పాలు తాపొచ్చా?” అంది.

ప్రతిసారీ ఆమె సరైన ప్రశ్నే అడిగింది. పిల్ల ఇంకా చప్పరించే స్థితిలో లేదు కదా, చూద్దాంలే అని గొణిగాను. ఆ మాత్రలు తీసుకుని జేబులో వేసుకుని, ఇక మింగవద్దని చెప్పాను. తర్వాత నా ఉద్యోగ జీవితంలోకెల్లా నీచమైన మాట అన్నాను. ఎవరైనా అడిగితే బలం బిళ్లలు వాడానని మాత్రమే చెప్పమన్నాను.

“అలగే బాబూ” అంది. మరో ప్రశ్న వెయ్యలేదు.

ఇంటికొచ్చి నా దగ్గరున్న మందుల పుస్తకం తీశాను. మెథాంఫెటమిన్ గురించి ఒక పేజీ ఉంది. గర్భిణికిస్తే లోపలి బిడ్డ ఏమవుతుందో ఒక్క వాక్యం లేదు. రెండు రోజులు యథాప్రకారం డ్యూటీకి వెళ్ళాను. ఫార్మసిస్టుగా నా రిజిస్ట్రేషన్ రద్దవుతుందని భయం. తల్లికి వచ్చినది గర్భిణులకు మామూలుగా వచ్చే రక్తపోటే కావచ్చు, నెల తక్కువ పిల్లలు అలాగే నిద్రపోతారు అని నాకు నేనే వాదించుకున్నాను. అందులో కొంత నిజం కూడా ఉంది. అందుకే ఆ వాదన రెండు రోజులు నిలబడింది.

మూడో రోజు పొద్దున్నే సింహాచలమ్మ డిస్పెన్సరీ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె చేతిలో కార్డు లేదు.

“బాబూ, కోడలు లెగట్లేదు. కూడు వద్దంటంది, పిల్లకేసి సూడట్లేదు, గోడకేసి తిరిగి ఏడుత్తంది. బుర్ర సెడిపోయిందంటన్నారు. రాంచీ పిచ్చాసుపత్రికి పంపేత్తారంట. ఎల్లుండే పంపుతారంట. మరి పిల్ల? తల్లి నేకుండా ఆ గుప్పెడు పిల్లని నానేటి సెయ్యాల?”

మాత్రలు ఒక్కసారిగా ఆగిపోతే మనిషి ఏమవుతుందో ఆ ఒక్క పేజీలోనే ఉంది. దాచినది నేను. ఆ దాచినదాన్నే పిచ్చి అనుకుంటున్నారు. డిస్పెన్సరీ డ్రెస్సరుకు అప్పగించి, ఆమెతోపాటే ఆసుపత్రికి వెళ్ళాను.

ప్రసూతి వార్డు డాక్టర్ మిత్రా అనే బెంగాలీ ఆవిడ చేతిలో ఉండేది. యాభై దాటిన మనిషి, ముక్తసరిగా మాట్లాడేది. ఆమె గదిలో నిలబడి, ఆగస్టు నుంచి జరిగినదంతా హిందీలో చెప్పాను. బలం బిళ్లలని చెప్పమన్నది కూడా చెప్పాను. మిగిలిన ఆరు మాత్రలూ బల్ల మీద పెట్టాను.

ఆమె కోప్పడలేదు. మూడు ప్రశ్నలు వేసింది: రోజుకు ఎన్ని, ఎన్నో నెల నుంచి, ఆఖరిది ఎప్పుడు మింగింది. జవాబులు కేసు షీటు మీద రాసుకుంది. తర్వాత, ఈ సంగతి మొన్న తెలిసి ఉంటే రాంచీకి ఉత్తరం రాసి ఉండేదాన్ని కాదని మాత్రం అంది. ఆ ఉత్తరం ఇంకా ఆమె దగ్గరే ఉంది. డ్రాయరు లాగి, బయటికి తీసి చించింది.



అప్పటి నుంచి వైద్యం దారి మారింది. తల్లికి పిచ్చి లేదు, మందు దిగిపోతున్న బడలిక అని వార్డు సిస్టర్‌కు చెప్పారు. నిద్రపోనివ్వాలి, లేచినప్పుడల్లా ఏదో ఒకటి తినిపించాలి, ఒంటరిగా వదలకూడదు, రక్తపోటు నాలుగు గంటలకోసారి చూడాలి. మందు పాలలోకి కూడా వస్తుంది కాబట్టి ఆ నాలుగైదు రోజుల పాలు పిండి పారబొయ్యమన్నారు. పక్క మంచం మీద పలాస నుంచి వచ్చిన బాలింత ఉంది. అడగకముందే, “నాకు పొంగిపోతన్నాయి, ఆ పిల్లకి పొయ్యండి” అంది. సింహాచలమ్మ రెండు గంటలకోసారి పిల్ల అరికాలు గిల్లి లేపి, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోసేది. పసిబిడ్డకు ప్రత్యేకంగా విరుగుడేమీ లేదు, వెచ్చదనం, పాలు, కాపలా, అంతేనని డాక్టర్ మిత్రా చెప్పింది.

అప్పన్నకూ, అతని తల్లి సింహాచలమ్మకూ నేనే చెప్పాను. వార్డు బయట వరండాలో, జరిగిన తప్పు నాదనీ, పైడమ్మది కాదనీ చెప్పాను. అప్పన్న ఎర్ర చొక్కా మీద చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్లను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. “మీరు సదువుకున్నోలు కదాని నమ్మీసినాం” అన్నాడు.  సింహాచలమ్మ అంతటితో ఊరుకోలేదు.

“డాక్టరు బాబూ డాక్టరు బాబూ అని నోరారా పిలిసినాం కాదేటి, అందుకే ఎక్కీసింది నీకు! ఇయ్యేల్టి నుంచి కాంపౌండరు బాబువే నువ్వు. ఎల్లి సిస్టరు రాసిచ్చిన మందు సీసా తీసుకురా” అంది.

వెళ్ళి తెచ్చాను. ఆమె నాకు పని చెప్పింది కదా అని సంతోషించాను.

పిల్ల పుట్టిన ఆరో రోజు సాయంత్రం వార్డు తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి పిల్లి కూతలాంటి సన్నని ఏడుపు వినిపించింది. ఆగకుండా, కోపంగా ఏడుస్తోంది. సింహాచలమ్మ ఎదురొచ్చింది. “ఏడుత్తంది బాబూ! ఎవులూ గిల్లనేదు, ఎవులూ లేపనేదు. దానికదే లెగిసి ఏడుత్తంది! ఆ గొంతు సూడు, అచ్చం మా మావదే, ముంషీలే దడిసీవోరు!” పైడమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. రెండు చేతులూ చాచి, “ఇలగియ్యి అత్తా, నాకియ్యి” అంటోంది. బిడ్డను పుట్టాక మొదటిసారి తనకు తానుగా అడగడం అదేనని సిస్టర్ చెప్పింది. పాలు ఇప్పించడానికి మరొక రోజు ఆగి, డాక్టర్ మిత్రా అనుమతించింది.

డిస్పెన్సరీలో నేను రాతపూర్వకంగా అంతా తెలియజేశాను. మెమో ఇచ్చారు. అంటే, సంజాయిషీ అడుగుతూ ఇచ్చే కాగితం. ఆరు నెలలు కిటికీ నుంచి తప్పించి స్టోర్సులో పెట్టారు. పాత ‘రిపీట్’ కార్డులన్నీ డాక్టరుగారు స్వయంగా రోగులను చూసి తిరిగి రాశారు. పైడమ్మ పని మాత్రం పోయింది. ఆ తర్వాత బస్తీలోనే ఒక టైలరు దగ్గర కాజాలు కుట్టే పని చూసుకుంది. ముంషీ కన్నా మెషీనే నయమనేది. మాత్రల కోసం కొన్ని నెలలు ప్రాణం లాగిందనీ, అత్త పక్కన కూర్చుని టీలు కాచి పోసి గట్టెక్కించిందనీ చాలాకాలం తర్వాత చెప్పింది.

పిల్లకు గౌరి అని పేరు పెట్టారు. రెండేళ్ళ వరకు నెలనెలా తూకం వేయించాలని డాక్టర్ మిత్రా చెబితే, ఆ తూకాలకు నేనూ వెళ్ళేవాణ్ణి. నడక కాస్త ఆలస్యంగా వచ్చింది. బడిలో ఒకచోట కూర్చోదని మాస్టరు ఫిర్యాదు చేసేవాడు. అది మాత్రల వల్లా, నెల తక్కువ పుట్టుక వల్లా, లేక ఆ పిల్ల స్వభావమే అంతా అని అడిగాను. తనకు తెలియదనీ, తెలుసని చెప్పేవాళ్ళను నమ్మవద్దనీ డాక్టర్ మిత్రా అంది. 1986లో నేను జంషెడ్‌పూర్ వదిలేనాటికి గౌరి రెండో తరగతి. నాయనమ్మ తెలుగులో తిడితే హిందీలో జవాబు చెప్పేది, లెక్కలు తప్పు లేకుండా చేసేది.

ఈ బిడ్డ బతికి బట్టకట్టింది కాబట్టి ఆ మందు వల్ల ఏమీ కాదని ఎవరూ అనుకోకూడదు. రక్తస్రావం ఇంకొంచెం ఎక్కువైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కారు. దక్కడంలో నా గొప్ప ఏమీ లేదు. చెప్పడం మరో రెండు రోజులు ఆలస్యమై ఉంటే, తల్లి రాంచీలోనూ బిడ్డ ఇక్కడా ఉండేవారన్నది మాత్రం కచ్చితం.

ఉద్యోగంలో మిగిలిన కాలమంతా ఏ స్త్రీకి మందిచ్చినా, కిందటి నెల బయట ఉన్నది ఎప్పుడని పక్కకు పిలిచి అడిగాకే ఇచ్చాను. సమాధానంలో ఒక్క మాట అర్థం కాకపోయినా అదేమిటమ్మా అని అడిగాను. గర్భిణి ఏదైనా వాడకూడనిది వాడితే దాన్ని ఆమె దాచడం తక్కువ. మనం భయపెట్టినప్పుడో, దాచమన్నప్పుడో దాస్తుంది. పైడమ్మ ఏనాడూ దాచలేదు. పొరపాటు మందు ఇచ్చిన ఫార్మసిస్టు చెయ్యవలసిన మొదటి పని ఆ మందు పేరు, మోతాదు, ఆఖరిసారి వాడిన వేళ వైద్యుడికి వెంటనే చెప్పడం. తన గురించి ఆలోచించుకోవడానికి తర్వాత చాలా సమయం దొరుకుతుంది.